పిన్ని పెరట్లో వాసన

నిరుడు తొలకరి రోజుల్లో, పర్చూరు దగ్గర మా ఊళ్ళో జరిగిందిది. పక్కింట్లో ఒంటరిగా ఉండే ఆదెమ్మ పిన్ని రెండు రోజులుగా కనిపించలేదు. వీధి తలుపుకి లోపల గడియ వేసి ఉంది. ఫోన్ చేస్తే ఇంట్లోనే మోగుతోంది. ఆ సాయంత్రం ఆమె పెరట్లోంచి శవం కుళ్ళిన వాసన మొదలైంది.

"నువ్వుండు, నేను చూస్తా" అని మా ఆయన గోడ దూకాడు. ఆగలేక నేనూ దిగాను. అరటి చెట్ల వెనక మసక వెలుతురులో, ముదురెరుపు గుడ్డ చుట్టిన తలకాయలాంటిది నేలమీద ఉంది. దానిమీద ఈగలు. "పిన్నీ" అంటూ చెయ్యి వేశాను. వెచ్చగా తగిలింది. అంత కుళ్ళు వాసనలో ఆ ఒంటి వేడికి చటుక్కున చెయ్యి లాగేసుకున్నాను.

మా ఆయన సెల్ లైటు వేశాడు. అది కందపువ్వు.

అంతలో దొడ్డి తలుపు తాళం తీసుకుని పిన్నే వచ్చింది. పెదకాకాని గుళ్ళో రెండు నిద్రలు చేసి వస్తోందట. ఫోన్ ఇంట్లో మరిచి, వీధి తలుపు గడియపెట్టి దొడ్డిదారిన వెళ్ళి ఉంటుందని మాకు తట్టనే లేదు.

"నా పెరట్లో ఏం వెతుకుతున్నారే?"

"నిన్నే పిన్నీ" అన్నాడు మా ఆయన.

కంద, చేమ ఒకే కుటుంబమనీ, ఈగల్ని పిలవడానికి కందపువ్వు కంపుకొడుతూ వేడెక్కుతుందనీ లైబ్రరీలో చదివి ఊరంతా చెప్పినదాన్ని నేను. చెయ్యి వేసినప్పుడు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. గుర్తొచ్చాక కూడా వేళ్ళకంటిన ఆ వెచ్చదనం చాలా రోజులు వదల్లేదు.

ఇప్పుడు పిన్ని ఎటు వెళ్ళినా గోడ మీంచి ఓ కేక వేస్తుంది: "చావలేదే, ఊరెళ్తున్నా."