రెండు మొక్కల నడుమ

విదేశాంగ శాఖ ఆఫీసులో తోటమాలిని ఏదైనా అడిగితే, టోపీ తీసి బుర్ర గోక్కుని గానీ జవాబు చెప్పడు. గుమ్మానికి చెరో పక్కనా ఉన్న రెండు మొక్కలు అతని ప్రాణం తోడేస్తున్నాయి. ఈ చిన్న దేశపు రేవు మీద కన్నేసిన రెండు పెద్ద దేశాల మంత్రులు వచ్చి నాటి వెళ్లినవి అవి. ఒకటి ఎత్తు పెరిగితే రెండోవాళ్లకి కోపమొస్తుందట. అందుకని రోజూ పొద్దున్నే తాడు పెట్టి కొలిచి, మించినదాని కొస తుంచుతాడు.

ఇవాళ ఎడమ పక్కది తల వాల్చేసింది. కార్యదర్శి పరుగున వచ్చాడు.

"దానికి నీళ్లు పొయ్యవయ్యా!"

"నీళ్లెక్కువయ్యే వేరు కుళ్లింది బాబుగారూ."

"అయితే రెండోదానికి ఆపెయ్."

"అది నిక్షేపంలా ఉంది కదండీ?"

"అందుకే!" అని నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చాడు. "ఆగాగు. ఆపితే వాళ్లేమనుకుంటారో... పైనుంచి కబురొచ్చేదాకా పొయ్యకు, మానకు."

తోటమాలి టోపీ తీశాడు. ఎంత గోక్కున్నా ఏమీ తట్టలేదు. నీళ్లు కారుతున్న గొట్టం పట్టుకుని రెండింటి నడుమా అలాగే నిలబడిపోయాడు. కాళ్ల కింద మట్టి మెత్తబడి, పాదాలు మెల్లగా దిగబడసాగాయి.