అంచు నుంచి మొదలుపెట్టే గాలయ్య

పెళ్ళి ఫొటోల పుస్తకాలు చేసే గాలయ్య గురించి బీదర్‌లో చలామణిలో ఉన్న అభిప్రాయాలను నేను స్వయంగా విన్నాను. చూపు మందగించింది గనుక ఫొటోలో పెళ్ళికొడుకెవరో, వంటవాడెవరో ఆయన పోల్చుకోలేడని కొందరన్నారు. అసలు పెళ్ళికొడుకులంటేనే ఆయనకు గిట్టదని మరికొందరన్నారు. కాగితం మిగుల్చుకోవడానికే ఫొటోలన్నిటినీ చిన్నవిగా కత్తిరిస్తాడని ఒక స్టూడియో యజమాని ఆరోపించాడు. వీటిలో ఏదీ విచారణకు నిలవదు. గాలయ్య కళ్ళద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కిస్తాడు. పిలవని పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళి వరుణ్ణి ఆశీర్వదించి వస్తాడు. ఇక కాగితం విషయంలో ఆయనంత దుబారా మనిషిని నేను చూడలేదు. ఆయనకున్న అలవాటు ఒక్కటే. ఏ పేజీనైనా అంచు నుంచి మొదలుపెడతాడు.

చింతకి అనే పల్లె నుంచి వచ్చి, బీదర్‌లో ఆయన ఏళ్ళ తరబడి చీరలకు ఫాల్, పీకో కుట్టాడు. మోకాళ్ళు మిషను తొక్కనివ్వని రోజు వచ్చాక స్క్రాప్‌బుక్కుల పనిలో దిగాడు. ఫొటోలు కత్తిరించి, రంగు అట్టల మీద అతికించి, రిబ్బన్లూ అద్దాలూ కుట్టి పెళ్ళిళ్ళకూ, వీడ్కోలు సభలకూ అందమైన పుస్తకాలు చేసే పని అది. ఈ పని చేసే తక్కినవారు ముఖ్యమైన ఫొటోను మధ్యలో పెట్టి మిగిలినవి చుట్టూ అమర్చుతారు. గాలయ్య మెడలో టేపు, చేతిలో సుద్దముక్కతో ముందు నాలుగు అంచులూ నింపుతాడు. మధ్యలో మిగిలిన జాగా వధూవరులది. ఒక్కోసారి పెద్దగా మిగలదు.

ఖటక్ చించోళి ఊరి పెళ్ళికొడుకు ఒకడు తన పుస్తకం తెరిచి, చుట్టూ బూందీ వడ్డించేవాళ్ళూ, చెమట తుడుచుకునే బ్యాండువాళ్ళూ, చెప్పులు వెతుక్కునే బంధువులూ కనిపించగా, "తాతా, నేనేడున్న?" అని అడిగాడు.

"నడుమల చూడు బిడ్డా. బొట్టుబిళ్ళ లెక్క ఉన్నవ్."

ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు నేను ఆయనతో వాదించాను. పేజీలో కంటికి ఒక విశ్రాంతి స్థానం ఉండాలనీ, ఒక చిత్రం ఏలితే మిగిలినవి దానికి లోబడి ఉండాలనీ వివరించాను. ఆయన ఓపికగా విన్నాడు.

"సార్, చీర కొననీకె పోతే మీరు ముందు ఏం చూస్తరు?"

"రంగు."

ఆయన లోపలి గదివైపు తిరిగి అదే ప్రశ్న మా ఇంటావిడను అడిగాడు. "అంచు" అని లోపలి నుంచి జవాబు వచ్చింది. వాదం ముగిసిందన్నట్టు గాలయ్య టేపు చుట్టుకున్నాడు. ఒక్క సాక్షి మాటతో ఏదీ రుజువు కాదని నా అభిప్రాయం. కానీ ఆ సాక్షితో నేను అదే ఇంట్లో భోంచేయవలసి ఉన్నందున ఎదురు ప్రశ్నలు వేయలేదు.

ఈ అలవాటు ఒకసారి నిజమైన తగాదాకు దారితీసింది. మా వీధిలో వ్యాపారం చేసుకునే సంజయ్ తన కూతురు అర్చిత పెళ్ళి పుస్తకాన్ని గాలయ్యకు అప్పగించాడు. అర్చితను పసితనం నుంచి పెంచింది ఆమె మేనత్త భాగీరథి. భర్త పోయిన మనిషి. శుభకార్యంలో తాను ముందుకు రాకూడదని ఆమె పట్టుదల. ప్రతి తంతులోనూ స్తంభం చాటునే నిలబడి, కెమెరా తిరిగినప్పుడల్లా పక్కకు తప్పుకుంది. ఒక్క ఫొటో దిగమని అర్చిత ఎంత బతిమాలినా, "రేపు దిగుదాం తియ్" అని దాటవేసింది. పెళ్ళి ముగిసినా ఆ రేపు రాలేదు. అత్తమ్మ లేని పుస్తకం తనకెందుకనీ, దాన్ని అత్తవారింటికి తీసుకుపోననీ అర్చిత తెగేసి చెప్పింది. ఒక్కగానొక్క కూతురు అలిగి వెళ్ళిపోతుందేమోనని సంజయ్ అప్పటికే దిగులుగా ఉన్నాడు.

ఆ సమయంలో గాలయ్య పుస్తకం చేతికందింది. సంజయ్ దాన్ని చంకన పెట్టుకుని, గాలయ్యను వెంటబెట్టుకుని తీర్పు కోసం మా వరండాకు వచ్చాడు.

"మీరే చూడుండ్రి సార్. నా బిడ్డ పెండ్లిల అన్నీ మోచేతులే ఉన్నయ్. రేపు జహీరాబాద్‌ల మా వియ్యపురాలు చూస్తే ఏమంటది? ఇజ్జత్ పోతది."

నేను పరిశీలించాను. ఫిర్యాదు నిజమే. అంచుల్లో ఒక మోచేయి, ఒక సగం చెంప, అక్షింతల పళ్ళెం పట్టుకున్న ఒక చేయి, స్తంభం దాటివచ్చిన ఒక కొంగు. దీనికేం సమాధానం చెబుతావని అడిగితే, గాలయ్య తన టేపులో అంకెలు మొదటిసారి చూస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

తండ్రిని వెతుక్కుంటూ వచ్చిన అర్చిత, వద్దనుకున్న పుస్తకాన్నే అయిష్టంగా తెరిచింది. మొదటి పేజీ అంచు మీద ఆమె వేలు ఆగింది. అక్కడ అక్షింతల పళ్ళెం పట్టుకున్న చేతి మణికట్టు మీద, పెనం తగిలి కాలిన మచ్చ ఒకటుంది.

"ఇది అత్తమ్మ చెయ్యి."

పేజీ తిప్పింది. "గీ కొంగు గూడ అత్తమ్మదే. గీ చెంప గూడ."

పుస్తకం చివరి దాకా ఒక్క అంచూ వదలకుండా భాగీరథి ఉంది. సంజయ్ పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని మళ్ళీ మొదటి పేజీ తీశాడు. స్టూడియోవాళ్ళు చెడిపోయాయని పారేసిన ఫొటోలు అడిగి తెచ్చుకున్నానని గాలయ్య అప్పుడు ఒప్పుకున్నాడు. అంత శ్రమపడినవాడు ఆమెను దర్జాగా మధ్యలోనే పెట్టవచ్చు కదా అని అడిగాను.

"నడుమల పెడ్తే ఆ అక్క చింపి పారేస్తది సార్. ఆమె నిలబడ్డ జాగలనే పెట్టిన. గిప్పుడు ఏమననీకె లేదు."

భాగీరథిని పిలిపించారు. ఆమె నిలబడే చూడటం మొదలుపెట్టి, సగంలో కూర్చుంది. చివరి పేజీ చూసి తలెత్తింది.

"ఏం గాలన్నా, నా మోచెయ్యి గింత నల్లగుంటదా?"

"ఫొటోవాని తప్పక్కా."

"పిల్ల మరీ చిన్నగుంది. జర పెద్దగ చెయ్యరాదు?"

"చేస్త. గని అంచు జరపాలె మరి."

భాగీరథి పుస్తకం మూసి ఒడిలో పెట్టుకుంది. "అంచు జోలికి పోకు" అంది.

అర్చిత ఆ పుస్తకాన్ని జహీరాబాద్ తీసుకువెళ్ళింది. అందులో ఆమె ఇప్పటికీ బొట్టుబిళ్ళంతే ఉంది.

నా మీద ఉంచిన తీర్పు బాధ్యత మిగిలిపోయింది గనుక చెబుతున్నాను. పేజీ కూర్పు విషయంలో గాలయ్య చేసింది తప్పు. కంటికి విశ్రాంతి స్థానం లేదు, ఏలే చిత్రం లేదు. ఈ అభిప్రాయాన్ని నేను మార్చుకోలేదు. తక్కిన విషయంలో ఆయన చేసింది ఇదీ: ఫొటో దిగనని మొండికేసిన ఒక మనిషిని, ఆమె మాట తీసేయకుండానే, ఆమె పెంచిన పిల్ల పెళ్ళిలో ప్రతి పేజీలోనూ నిలబెట్టాడు.