అరచేతులు చూపించమన్నారు

తనూజ తెలుగులో ఎం.ఏ. చేసింది. ఏ కావ్యం గురించైనా గంటసేపు మాట్లాడగలదు, ఎదురుగా మనుషులు లేకపోతే. మొదటి ఇంటర్వ్యూలో పేరు చెప్పి ఆగిపోయింది. రెండోదాంట్లో ధైర్యం చేసి ఊరి పేరు దాకా వెళ్లింది. ఈ లెక్కన ఉద్యోగం దాకా చేరేసరికి పింఛను వయసు వచ్చేస్తుందని భయపడి, ఫోనులో కనిపించిన విశాఖపట్నం కెరీర్ కోచ్ సంజయ్ గారిని ఆశ్రయించింది. నాలుగు వీడియో పాఠాలు, ఆరు వేలు.

ఆరు వేలు ఎక్కడివి? తల్లి వరహాలు పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు తీయడానికి జీడిపిక్కలు కొడుతుంది. తనూజ కూడా వెళ్లి ఆమె పక్క మిషను దగ్గర కూర్చుంది.

“మాటాడ్డం నేర్పడానికి డబ్బులేటే? ఇక్కడ మా నోర్లు మూయించడానికే డబ్బులివ్వాల!” అంది వరహాలు.

నిజానికి అక్కడ తనూజ నోరూ మూతపడలేదు. చేతులు పనిలో, చూపు పిక్క మీద ఉంటే ఎవరి మొహమూ చూడనక్కర్లేదు. చదివిన కథలన్నీ వరసలోని ఆడవాళ్లకు చెప్పేది. ఆపితే, “ఓలమ్మీ, తరవాతేటైందో సెప్పి సావు!” అని కేకలు. దాన్నే మాట్లాడటం అంటారని ఆమెకు తట్టలేదు. మాట్లాడటం ఫీజు కట్టాకే వస్తుందని నమ్మకం.

నాలుగు పాఠాల్లో ఆమెకు బాగా ఎక్కింది ఒక్కటే. జవాబు చెప్పేటప్పుడు అరచేతులు తెరిచి చూపించాలి. మనం ఏదీ దాచడం లేదని ఎదుటివాళ్లకు తెలుస్తుందట. అద్దం ముందు వారం రోజులు సాధన చేసింది.

టెక్కలిలో ఒక ప్రైవేటు కాలేజీ, తెలుగు లెక్చరర్ పోస్టు ఒకటే. ఇదీ పోతే పుస్తకాలు అటకెక్కించి మిషను దగ్గరే ఉండిపోతానని తల్లికి మాటిచ్చి వెళ్లింది. ప్రిన్సిపాల్ జీవరత్నమ్మ, “నీ గురించి చెప్పమ్మా,” అన్నారు. తనూజ రెండు అరచేతులూ ఆమె ముందు చాపింది.

నల్లటి మచ్చలు, చర్మం ఊడిన వేళ్లు. పిక్క తొక్కలోని జీడి రసం చేసిన పని. ఇంట్లో, వీధిలో అందరివీ అవే చేతులు. అందుకే వారం రోజులు అద్దంలో చూసినా తనూజ కంటికి ఆనలేదు.

“అయ్యో, చేతులకేటైందమ్మా?”

చటుక్కున వెనక్కి దాచుకుంది. ఆరు వేల పాఠం అక్కడితో సరి.

“పిక్కలు కొట్టానండి. కోచ్ గారి ఫీజుకి.”

“ఆయనేం నేర్పారు?”

“అరచేతులు చూపించమన్నారండి.”

జీవరత్నమ్మ కళ్లజోడు తీసి మరీ నవ్వారు. “పిక్కలు కొడుతూ కూడా ఇలాగే నోరు కట్టుకున్నావా?”

“లేదండి, కథలు చెప్పాను.”

“అయితే ఒకటి చెప్పు.”

తనూజ నేల చూసింది, గోడ చూసింది. “చేతులకేదైనా పనివ్వండి,” అంది చివరికి.

ఆవిడ కలిసిపోయిన జవాబు పత్రాల కట్ట ముందుకు తోశారు. తనూజ వాటిని నంబర్ల వరసలో పేరుస్తూ, తల ఎత్తకుండా కథ మొదలుపెట్టింది. గంట మోగింది. జీవరత్నమ్మ లేవలేదు.

“ఒక నెల చూద్దాం,” అన్నారు కథ అయ్యాక. “క్లాసులో మాత్రం తల ఎత్తాలి.”

ఇల్లు చేరేసరికి కోచ్ గారి మెసేజ్ వచ్చింది. పాఠాలు పూర్తిచేసిన వాళ్లంతా విజయగాథ రాసి పంపాలట, ఫొటో తప్పనిసరి. తనూజ తల్లికి చదివి వినిపించింది.

“ఆడికి ఆరేలిచ్చావు సరే. కథ ఆపినప్పుడల్లా తిట్టి సెప్పించినాం, మాకేటిత్తావే?” అంది వరహాలు.

జవాబు చెప్పడానికి తనూజ చుట్టూ ఏదైనా చేతిపని కోసం వెతికింది. చేతుల్లో పిక్కలు లేవు మరి.