చెల్లెలి డిస్కు

అచ్చాపీసులో అందరూ ఆమెను కామా అక్క అనేవారు. ఏ ప్రూఫు చేతికిచ్చినా ముందు కామాల మీదే పడేది మరి. రెండేళ్ల కిందట ఆమె పాత లాప్‌టాప్ మూలుగుతుంటే చెల్లెలే అందులో విండోస్ తీసేసి, లినక్స్ అనే తేలికైన సిస్టమ్ వేసి, ఫైళ్లు దాచుకోవడానికి తన డిస్కు ఒకటి తగిలించి ఇచ్చింది. ఆ నెలలోనే ఇద్దరికీ మాటామాటా పెరిగింది. తనతో ఒక్క ముక్కైనా చెప్పకుండా వేరే ఊళ్లో ఉద్యోగం చూసుకుందని అక్క కోపం. "నీ దారి నువ్వు చూసుకో!" అంది. చెల్లెలు చూసుకుంది. ఆ తర్వాత ఫోన్లు కూడా లేవు.

మొన్న ఆదివారం అక్కకు ఏ పంతం పుట్టిందో, ఆ డిస్కు ఊడదీసి, చెల్లెలికి పంపేద్దామని పెట్టెలో పెట్టి టేపు వేసింది. సోమవారం పొద్దున లాప్‌టాప్ తెరిస్తే నల్లటి తెర. నిమిషమున్నర దేనికోసమో ఆగి, ఎమర్జెన్సీ మోడ్ అంటూ పాస్‌వర్డ్ అడిగి కూర్చుంది. మూడుసార్లు ఆపి వేసినా అదే తంతు. పదింటికల్లా ప్రూఫు అందించాలి. ఇక తప్పదని ఫోను చేసింది.

"ఏమైందక్కా?" అంది చెల్లెలు, నిన్ననే మాట్లాడుకున్నట్టు.

అక్క తెర మీదున్నది చదివింది.

"నా డిస్కు ఊడిపోయుంటుంది, చూడు."

"ఊడలేదే. నేనే తీశాను."

"అంటే, ఇన్నాళ్లూ తగిలించే ఉంచావా?"

"ఉంచక ఏం చేస్తాను?"

చెల్లెలు దగ్గింది. తర్వాత అప్పట్లో తను పెట్టిన పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టి ఒక్కో అక్షరం చెబుతుంటే అక్క పైకి పలుకుతూ కొట్టింది. ఒక ఫైలు తెరుచుకుంది.

"మొదలయ్యేటప్పుడు వెతుక్కునే డిస్కులన్నీ అందులో ఉంటాయి. చివరి వరస నాది. దాని ముందు # అని హ్యాష్ గుర్తు పెట్టు, ఆ వరసను చదవకుండా వదిలేస్తుంది, ఇక దానికోసం ఆగదు."

"వరస మొత్తం కొట్టేస్తే పోలా?"

"వద్దక్కా. గుర్తు చాలు. కావాలంటే ఎప్పుడైనా తీసెయ్యొచ్చు."

సేవ్ చేసి మళ్లీ వేస్తే తెర వెలిగింది.

"వచ్చిందే!"

"హమ్మయ్య. ఇక ఆ డిస్కు పంపించెయ్."

"పంపను. నువ్వే వచ్చి తీసుకెళ్లు."

"సెలవు దొరకాలిగా," అంది చెల్లెలు. వస్తాననలేదు, రాననీ అనలేదు. ఇంతలో ఎవరో పిలిస్తే ఫోను పెట్టేసింది.

అక్క ప్రూఫు ముందేసుకుంది. మొదటి పేరా మూడుసార్లు చదివినా బుర్రకెక్కలేదు. అడగాల్సినవన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచి? వంట తనే చేసుకుంటోందా? ఫోను చేతిలోకి తీసుకుని, పనివేళ కదా అని పక్కన పెట్టింది. మళ్లీ తీసుకుంది. ఆ రోజు ప్రూఫు పదకొండు దాటాక గాని చేరలేదు.