మా నాయిన ధర చెప్పిన రోజు

నా చిన్నప్పుడు మా నాయినకు చేతకాని పని ఒక్కటే ఉండేది, ధర చెప్పడం. దున్నమంటే దున్నేవాడు, కోయమంటే కోసేవాడు, ఎంత మొండి ఎద్దునైనా కాడి కిందికి తెచ్చేవాడు. కానీ పనంతా అయ్యాక ఎవరైనా ‘ఎంత ఇయ్యాలె’ అని అడిగితే చాలు, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టు నిలబడిపోయేవాడు. ఆ ఒక్క మాట ఆయనకు నేర్పడానికి మా తాత పడ్డ పాట్లు తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే ఏడుపూ వస్తుంది.

మాది కేతేపల్లి దగ్గర, పట్నం నుంచి బెజవాడ పోయే రోడ్డు పక్కన ఒక చిన్న ఊరు. నాయిన పదేళ్ల వయసు నుంచి దొర గడీలో వెట్టి చేశాడు. పిలిస్తే పోవాలి, చెప్పింది చేయాలి, ఖాళీ చేతులతో ఇంటికి రావాలి, అదీ వెట్టి. దొరకు ఒక మోటారు కారు ఉండేది. దాన్ని కడిగి మెరిపించడం నాయిన వంతు. ఎవరు నేర్పారో తెలియదు గానీ ఆ పనిలో ఆయనది చేయి తిరిగిన వాటం. కుంకుడుకాయ నురగతో ఒళ్లంతా కడిగేవాడు. దీపాల చుట్టూ ఉండే ఇత్తడి కట్లను చింతపండుతో తోమేవాడు. తోలు సీట్లకు చుక్క చుక్కగా ఆముదం పట్టించి, కూర్చున్నవాళ్ల బట్టలకు అంటకుండా పొడిగుడ్డతో గంటసేపు రుద్దేవాడు. ఇంత చేసినందుకు ఇరవై ఏళ్లలో ఒక్క పైసా చూడలేదు.

దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్లు మా వైపు ఊళ్లలో తిరగడం మొదలయ్యాక దొర అదే కారెక్కి పట్నం పోయాడు. వెట్టి బందయింది. కొన్నాళ్లకు యూనియన్ మిలిటరీ వచ్చింది, నిజాం రాజ్యం పోయింది, రోడ్డు మీద జీపులూ కార్లూ పెరిగాయి. రోడ్డు పక్కన చాయ్ కొట్టు ఒకటి వెలిసింది. దాన్ని ఆనుకునే బావి. చాయ్ కోసం ఆగిన కార్ల ఒంటి నిండా ఎర్ర దుమ్ము. అది చూస్తే నాయినకు చేతులు ఊరుకునేవి కావు. కూలి దొరకని పూటల్లో అక్కడికి పోయి కార్లు కడగడం మొదలుపెట్టాడు.

పని బ్రహ్మాండంగా సాగింది, రాబడే సాగలేదు. కారాయన ‘ఎంత’ అని అడిగితే నాయిన నేల చూస్తూ ‘మీ దయ’ అనేవాడు. ఆ దయ ఒకరోజు రెండణాలుగా వచ్చేది, ఒకరోజు సగం కాల్చిన సిగరెట్టుగా వచ్చేది. ఒక మిలిటరీ జమాదారైతే భుజం తట్టి శభాష్ అని చెప్పి జీపెక్కాడు. ఆ శభాష్‌ను కుండలో పోసి ఉడకబెట్టమంటావా అని మా అమ్మ అడిగింది. మా అమ్మ నోటికి ఊళ్లో ఎవరూ ఎదురు నిలిచేవాళ్లు కాదు, నాయిన అసలే నిలిచేవాడు కాదు. కానీ ఆ రోజు ఆమె రెండో మాట కోపంతో అనలేదు, మెల్లగా అంది.

“వెట్టి పోయిందని ఊరంత డప్పు కొట్టిన్రు. మనింట్లకెళ్లి మాత్రం ఇంక పోలే.”

ఆ వారమే అమ్మ కబురుపెట్టి మా తాతను, అంటే తన తండ్రిని, పిలిపించింది. తాత పశువుల అంగడిలో బేరాలు కుదిర్చే దలాలి. ఎద్దు పళ్లు చూసి వయసు, నడక చూసి బలం, కొనేవాడి చెప్పులు చూసి వాడి రొక్కం చెప్పగలిగిన ఘనుడు. నెత్తిన ఎర్ర రుమాలు, చెవికి పోగు, నోట్లో ఎప్పుడూ ఆకూ వక్కా. ఆయన వస్తే మా ఇంటికి అంగడే నడిచి వచ్చినట్టుండేది.

పశువుల అంగడిలో ధర పైకి మాట్లాడరు. అమ్మేవాడూ దలాలీ చేతులు కలిపి, పైన తువాల కప్పి, లోపల వేళ్లు పట్టుకుని మాట్లాడుకుంటారు. ఇన్ని వేళ్లు పడితే ఇంత, వేలు మడిస్తే అంత తక్కువ. పక్కన నిలబడ్డవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. అల్లుడికి నాలుక తిరగకపోతే వేళ్లు ఉన్నాయి కదా అనుకున్నాడు తాత. వాకిట్లో ఎదురెదురుగా కూర్చుని, తువాల కప్పుకుని, నాలుగు రోజులు నేర్పాడు. నాయిన వేళ్లు ఎంత చురుకైనవో! మూడో రోజుకే తాతను రెండణాల మీద ఓడించాడు. ఇంట్లో పండగైంది.

మరునాడు నేను అంబలి తీసుకుని బావి దగ్గరికి పోయేసరికి అప్పుడే కడిగిన ఒక వకీలుగారి కారు ఆగి ఉంది. నాయిన తుడిచిన ముఖంతో, దువ్విన జుట్టుతో కారు కిటికీ దగ్గరికి పోయి, చేతి మీద తువాల కప్పి లోపలికి చాపాడు. పాపం ఆ వకీలుకు ఏం తెలుసు? అడుక్కునేవాడనుకున్నాడో, పిచ్చివాడనుకున్నాడో, చెయ్యి చటుక్కున వెనక్కి లాక్కుని, ఒక అణా కింద పడేసి, కారు పోనిమ్మన్నాడు. చాయ్ కొట్టు కాడి మనుషులు కడుపు పట్టుకుని నవ్వారు. నేను అణా ఏరబోతే నాయిన నా చెయ్యి పట్టి ఈడ్చుకుపోయాడు.

నేనే తాతకు జరిగిందంతా చెప్పాను. నోట్లో వక్క నమలడం ఆపేశాడు. అరవై ఏళ్ల దలాలి, అంగడిలో ఎవరి ముందూ తగ్గని మనిషి, అల్లుడి పక్కన పోయి కూర్చున్నాడు.

“తప్పు నాది అల్లుడా. తువాల కింద ఎద్దు ధర మాట్లాడుతరు. ఎద్దు తన ధర తాను చెప్పుకోలేదు. నువ్వు మనిషివి. నీ ధర నువ్వే చెప్పాలె, నలుగురు ఇనాలె.”

ఆ తరువాత ఆయన చేసిన పని చూడాలి. ఒక కారుకు ఎన్ని బొక్కెనల నీళ్లు పడతాయి, కుంకుడుకాయలు ఎన్ని, ఆముదం ఎంత, ఆ పూట కూలికి పోతే ఏం వచ్చేది అని నాయినను గుచ్చి గుచ్చి అడిగాడు. పైదుమ్ము కడిగితే నాలుగణాలు, బురదైతే ఆరు, దీపాలు తోమితే ఇంకో రెండు, సీట్లకు ఆముదం పెడితే ఇంకో నాలుగు అని తేల్చాడు. ధర చెప్పి అవతలివాడు సరేనన్నాకే బొక్కెన బావిలో వేయాలన్నాడు. చాయ్ కొట్టు దాకా వినబడేటట్టు చెప్పాలన్నాడు. అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచింది చివరి మాట.

“మనిషిని చూసి ధర మార్చకు. బురదను చూసి మార్చు.”

కొనేవాడి చెప్పులు చూసి ధర కట్టిన మనిషి ఆ మాటన్నాడు. మా తాత ఎంత పెద్దవాడో నాకు అప్పుడు పూర్తిగా తెలియలేదు.

ఇక నోరు తిప్పించడం మిగిలింది. తాత తన ఎర్ర రుమాలు తలపాగాలాగా నా నెత్తిన చుట్టి, బండి మీద కూర్చోబెట్టి, దొరలాగా అడగమన్నాడు. తొమ్మిదేళ్ల పిల్లను, నాకు ఒళ్లు తెలియని సంబరం. కాలు మీద కాలు వేసుకుని, గొంతు బొంగురు చేసి, ‘ఎంత్రా’ అన్నాను. మా నాయిన నడుము వంగిపోయింది. చేతులు రెండూ వాటంతటవే దగ్గరికి వచ్చాయి, చూపు నేలకు దిగింది. ఆయన ఆట ఆడటం లేదు. కన్నబిడ్డ నెత్తిన రుమాలు కనబడేసరికి ఆయన ఒళ్లే అలా వంగింది. రుమాలు లాగేసి బండి మీంచి దూకి, నేను ఆడనని ఏడ్చాను.

తాత నా కళ్లు తుడిచి రుమాలు మళ్లీ చుట్టాడు. నువ్వు అడగకపోతే మీ నాయినను ఇంకెవడో అడుగుతాడు బిడ్డా, నువ్వే అడుగు అన్నాడు. ముక్కు చీదుకుంటూ అడిగాను. ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు. పొద్దు వాలేవేళకు నాయిన తలెత్తి, నా కళ్లలోకి చూసి, ‘నాలుగణాలు’ అన్నాడు. తాత మెచ్చుకోలేదు, ‘మరి బురదైతే?’ అని అడిగాడు.

తరువాత పది పన్నెండు కార్లకు నాయిన ధర చెప్పాడు. కొందరు బేరమాడారు, కొందరు పోయారు, చాలామంది ఇచ్చారు. ఇంట్లో జొన్న గట్కలోకి పప్పు కూడా వచ్చింది. వానలు పడ్డాయి. మిలిటరీ అండతో దొరలు ఒక్కొక్కరే ఊళ్లకు తిరిగి వస్తున్నారు. ఎదురు మాట్లాడినవాణ్ని సంఘపోడని చెప్పి మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోతున్నారు. ఆ రోజుల్లోనే ఒక పొద్దున, తాతా నేనూ చాయ్ కొట్టు దగ్గర ఉండగానే, మా దొర కారు వచ్చి బావి దగ్గర ఆగింది. చక్రాల నుంచి కిటికీల దాకా బురద.

దొర దిగలేదు. కడగమని నాయినకు వేలితో సైగ చేశాడు, అంతే. కొట్టు కాడి మనుషులంతా ఇటు తిరిగారు. అడిగితే క్యాంపు, అడగకపోతే వెట్టి మళ్లీ మా గడప ఎక్కుతుంది. చిన్నపిల్లనైన నాకే అది తెలుసు. నాయిన చేతిలో ఖాళీ బొక్కెన ఉంది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“బురదున్నది దొరా. ఆరణాలైతది. సీట్లకు ఆముదం పెడితె ఇంకో నాలుగు.”

కొట్టు దాకా వినబడింది. నా కారుకే ధర కడుతున్నావా అని దొర అడిగాడు, చాలా నెమ్మదిగా. నాయిన నడుము వంగలేదు.

“కారుకు కాదు దొరా. నా చేతులకు.”

దొర ఆయనను పైకీ కిందికీ చూశాడు. డ్రైవరు వైపు తల ఊపాడు. కారు ఆ బురదతోనే వెళ్లిపోయింది. తాత వైపు చూద్దును కదా, సాసరులో చాయ్ అంతా ఆయన పంచె మీద ఉంది.

ఎనిమిది రోజులు మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. జీపు చప్పుడు వినబడితే అమ్మ తలుపు దగ్గరికి పరుగెత్తేది. నాయిన మాత్రం పని మానలేదు. తొమ్మిదో రోజు దొర కారు మళ్లీ వచ్చింది. లోపల డ్రైవరు ఒక్కడే. దొర పంపించాడని చెప్పి, అడగకముందే ఆరణాలు బావి గట్టు మీద పెట్టాడు. మేమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. నాయిన డబ్బు ముట్టలేదు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వానలు ఆగి వారమైంది, బురద ఎండి రాలిపోయింది, మిగిలింది ఉత్త దుమ్ము. రెండణాలు తీసి డ్రైవరు చేతిలో పెట్టాడు.

“గిది దుమ్మే. నాలుగణాలు చాలు. దొరకు గట్లనే చెప్పు.”

అప్పుడు బొక్కెన బావిలో వేశాడు.

అందరికన్నా ముందు మా తాత కళ్లు చెమర్చాయి. నలభై ఏళ్లు అంగడిలో ధరలు పెంచి బతికినోణ్ని, ధర చెప్పుడు నేనే నేర్పిన, గిది మాత్రం నేను నేర్పలేదు అని అక్కడున్న ప్రతివాడికీ చెప్పుకున్నాడు. చాయ్ కొట్టాయనకు రెండుసార్లు చెప్పాడు.

నేను పెరిగి కుట్టుపని నేర్చుకున్నాను. నలభై ఏళ్లకు పైగా జాకెట్లు కుట్టాను. కలెక్టరు భార్యకూ, కూలికి పోయే ఆమెకూ ఒకే ధర, అదీ గుడ్డ కత్తిరించకముందే. గీర అన్నారు, గయ్యాళి అన్నారు, మా అమ్మ నోరు వచ్చిందన్నారు. అననీయండి. ఇప్పుడు చూపు తగ్గింది, మిషను కోడలికి ఇచ్చేశాను. అయినా ఎవరైనా వాకిట్లోకి వచ్చి ‘ఎంత’ అని అడిగితే కూర్చున్నచోటే నా వెన్ను నిటారుగా అవుతుంది. ఎదుటి మనిషి కళ్లలోకి చూసి చెబుతాను. ఒక్క పైసా ఎక్కువ చెప్పను, తల దించి మాత్రం చెప్పను.