చుక్కల గుంపు పక్కన మచ్చ

వాచీలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ చుక్కల మేస్త్రి అనేవారు. పగలంతా కొట్లో కుడికంటికి భూతద్దం బిగించి, ఎడమకన్ను మూసి, ఆవగింజంత మరలతో కుస్తీ పట్టేవాడు. చీకటి పడితే మేడ మీద టెలిస్కోపు. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, దేన్ని శ్రద్ధగా చూడాలన్నా ఎడమకన్ను దానంతటదే మూసుకునేది. "మీకు రెండో కన్ను దండగండీ, ఎవరికైనా ఇచ్చేయండి" అని భార్య ఏడిపించేది.

మూడేళ్ళుగా ఆయన ఒకే ఒక్క చుక్కల గుంపు వెంట పడ్డాడు. దాని చుట్టూ పొగలాంటి పల్చని వెలుగు ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. ఒక్కోటీ నిమిషంసేపు వెలుగు పట్టేలా ఫోటోలు వందలకొద్దీ తీసి, కంప్యూటర్లో ఒకదానిమీద ఒకటి పేరిస్తే గానీ బయటపడదు. ఇంకో పది గంటల వెలుగు పోగైతే బొమ్మ పూర్తవుతుంది. కొట్లో గోడకి తగిలించడానికి ఫ్రేము ముందే చేయించి పెట్టుకున్నాడు, అంత ఆత్రం!

ఒకరోజు ఉదయం ఫోటోలు పేరుస్తుంటే, గుంపుకి ఎడమ పక్కన, కాస్త కిందగా మసక మచ్చ కనిపించింది. దుమ్మే అనుకున్నాడు. ఈ పని చేసేవాళ్ళకి దుమ్ము కొత్తేం కాదు. టెలిస్కోపు గొట్టం మూతికి తెల్లబట్ట కట్టి పొద్దుటి వెలుగులో ఫోటోలు తీస్తే, అద్దం మీది దుమ్ము నీడలన్నీ వాటిలో పడతాయి. కంప్యూటర్ ఆ నీడల్ని అసలు బొమ్మలోంచి చెరిపేస్తుంది. అదంతా చేశాడు. మచ్చ పోలేదు.

ఇక పంతం తలకెక్కింది. నోటుబుక్కులో రాశాడు: మొదటిరోజు, మచ్చ పెసరగింజంత. అద్దాలు విప్పి తుడిచాడు. మూడోరోజు, బటాణీగింజంత. కెమెరా లోపల శుభ్రం చేశాడు. ఆరోరోజు, చొక్కా గుండీ అంత. రాత్రిళ్ళు ఫోటోలు తీస్తూనే, కనబడ్డ ఉల్కల లెక్క వేరే పేజీలో రాసేవాడు. చూపు అంచున తళుక్కున మెరిసినవి ఒక్క రాత్రే పదకొండు. ఇన్ని ఉల్కలు ఏనాడూ చూడలేదని మురిసిపోయాడు కూడా, పిచ్చి మనిషి! కొట్లో వాచీ మీదా నీడ పడితే భూతద్దాన్ని సబ్బుతో కడిగాడు. కడిగినవన్నీ తళతళలాడాయి, నీడ మాత్రం పెరుగుతూనే ఉంది.

తొమ్మిదోరోజు ఉదయం ఓపిక నశించి భార్యని పిలిచాడు.

"ఇలా రా. ఈ నలుపు చూడు, సగం గుంపు మింగేసింది."

ఆవిడ చీపురు పక్కనపెట్టి వచ్చి కంప్యూటర్ తెర ముందు వంగింది. "ఏ నలుపండీ?"

"అదిగో, నా వేలు పెట్టిన చోట!"

"అక్కడ చుక్కలున్నాయి, బోలెడన్ని. వేళాకోళమా ఏంటి?"

ఆయన ఆవిడ వైపు తిరిగాడు. నవ్వుతున్న మొహంలో ఒక పక్క లేదు. ఎడమకన్ను ఇంకా మూసే ఉందని అప్పుడు తెలిసింది. తెరిచాడు. మొహం నిండుగా కనిపించింది. కుడికన్ను అరచేత్తో మూసుకుని తెర చూశాడు. చుక్కలు, చుట్టూ పొగ, మచ్చ అన్నదే లేని బొమ్మ. అది ఎప్పుడో పూర్తయిపోయింది.

ఆసుపత్రిలో వాళ్ళ వంతు వచ్చేసరికి సాయంత్రమైంది. నీడ నట్టనడుమకి పాకింది.

"ఎప్పటినుంచి?" అని డాక్టరమ్మ అడిగింది. భార్య సంచిలోంచి నోటుబుక్కు తీసి ఇచ్చింది. తేదీ, గంట, మచ్చ కొలత అన్నీ ఉన్నాయి. ఉల్కల పేజీ దగ్గర డాక్టరమ్మ వేలు ఆగింది.

"ఇవి తలుపులు మూసిన గదిలో కూడా కనిపించాయా?"

"ఒకట్రెండుసార్లు కనిపించాయండీ. కిటికీలోంచి అనుకున్నా."

"కంటి వెనక పొర ఊడేటప్పుడు అలాగే మెరుస్తుంది. రేపొద్దున్నే ఆపరేషన్ చేసి అతికిస్తాం. కానీ సన్నపనికి ఈ కన్ను ఇక పనికిరాకపోవచ్చు. మొదటిపేజీ రాసిన రోజే వచ్చి ఉంటే..." అంటూ ఆవిడ నోటుబుక్కు ఆయన చేతికిచ్చింది.

భార్య నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చేసింది. ఆయన మొదటిపేజీ తీసి, అలవాటుగా ఎడమకన్ను మూసి, తన రాత తానే చదవబోయాడు. ఒక్క అక్షరం కనిపించలేదు.