రెండో సూది తర్వాత పదకొండేళ్లు

ప్రభువునందు ప్రియ సహోదరులారా, 1974 ఆగస్టు పన్నెండు, సోమవారం పొద్దున, కొత్తవాడలో మా గుంట మగ్గం మీద జంపఖానా నేస్తూ వంగిన నాకు నడుములో ఏదో తెగినట్టయి, ఎడమ పిరుదు నుండి మడమ దాకా నిప్పు పారింది. ఏడు వారాలు కూర్చుని అన్నం తినలేదు! డిస్కు జారి నరాన్ని ఒత్తుతోందని, పాదం చచ్చుబడితే ఆపరేషన్ తప్పదని చెప్పి, డాక్టరు గారు నడుములో సూది వేశారు. తొమ్మిదో రోజుకు నొప్పి పోయింది.

మేలు పొందినవారు ఆ వచ్చే ఆదివారమే సాక్ష్యం చెప్పాలన్నది మన సంఘపు ఆచారం. నేను సూది మాట ఎత్తకుండా చెప్పి, అందరి ముందు గెంతి చూపించాను. మరునాడే మగ్గం గుంటలో దిగాను. నలభై మూడో రోజున నొప్పి తిరిగి వచ్చింది. ఎదురింటి నేతగాడు మల్లేశం గడపలో నిలబడి, "ఏం పెద్దయ్యా, గెంతుడు అయిపాయెనా? మీ దేవుని దవా గిన్ని దినాలేనా?" అన్నాడు. నా నడుము కంటే ఆ మాటే ఎక్కువ నొచ్చింది.

ఆనాడు బోర్లా పడుకునే ప్రార్థించాను: "ప్రభువా, తొందరపడి నీ నామాన్ని నవ్వులపాలు చేశాను. నన్ను నడిపించు. పదేళ్లు నిండేదాకా సాక్ష్యమని నోరు తెరవను."

1975 జనవరి పదహారున రెండో సూది పడింది. "సూది వాపు తగ్గిస్తది, జారినదాన్ని లోపలికి నెట్టదు. ఆరు నెలలు గుంటలో దిగకు" అన్నారు డాక్టరు గారు. ఈసారి విన్నాను. నా భార్య శాంతమ్మ మగ్గం నేసింది, నేను ప్రార్థిస్తూ నడక నేర్చుకున్నాను.

ఇది 1986. మూడో సూది లేదు, ఆపరేషన్ లేదు! ప్రతి జనవరి పదహారున, మైళ్ల దూరంలో ఉన్న హసన్‌పర్తి దాకా నడిచి వెళుతున్నాను. ఎడమ కాలి చిటికెన వేలికి నేటికీ స్పర్శ లేదు, వానాకాలంలో కొన్ని రోజులు నడుము పట్టేస్తుంది, అదీ దాచను. "సూది మాట వదిలెయ్, మహిమ తగ్గుతది" అంటున్నారు కొందరు పెద్దలు. వదలను! ఒకసారి వదిలి చూశాను. సూది లేకున్నా కాలక్రమంలో తగ్గేదేనని ఇంకొందరంటారు. కావచ్చు! అలా తనంతట తాను మానే దేహాన్ని చేసినదెవరు?

నొప్పితో ఉన్న సహోదరులారా, రండి, దవాఖానకు నేనే వెంట వస్తాను, దారి పొడుగునా ప్రార్థిస్తాను. మన దేవుడు ఏళ్ల తరబడి పరీక్షించినా నిలిచేవాడు. ఆయనను నమ్మండి, తేదీ వేసుకుని మరీ నమ్మండి! సమస్త మహిమ ఆయనదే.